మా బడి గురించి ఒక పేజీ

భిలాయిలో కొత్తగా కలిసినవాళ్ళు పిల్లల్ని రెండే ప్రశ్నలు అడుగుతారు. ఏ సెక్టార్, ఏ స్కూలు. మొదటిదానికి కూలీల బస్తీ అయిన క్యాంప్ 2 పేరు చెప్పిన పిల్లను రెండోది అడిగేవాళ్ళు తక్కువ. వాళ్ళే ఊహించేసుకుంటారు.

ఆ ఊహకు నేనూ కొంత సాయం చేశాను. ముప్పయ్యేళ్ళు ఇక్కడి ఒక పత్రికలో విలేకరిగా పనిచేశాను. పన్నెండో తరగతి ఫలితాలు వచ్చిన రోజు ఫొటోగ్రాఫర్‌ని వెంటబెట్టుకుని నేరుగా ఉక్కు ప్లాంటు క్వార్టర్లుండే సెక్టార్లలోని పెద్ద స్కూలుకే వెళ్ళేవాణ్ణి. అక్కడ స్వీట్లు సిద్ధంగా ఉండేవి. గాల్లోకి ఎగరడానికి పిల్లలూ సిద్ధంగా ఉండేవారు. మర్నాడు వాళ్ళ ఫొటో మొదటి పేజీలో పడేది. కాలేజీలవాళ్ళూ మనుషులే, పేపరు చదువుతారు. ఆ స్కూలు నుంచి దరఖాస్తు వచ్చిందంటే వాళ్ళకి సగం పరిచయమున్న మనిషి వచ్చినట్టే. నేను చదువుకున్న క్యాంప్ 2 బడికి మాత్రం ఎన్నడూ ఫొటోగ్రాఫర్‌ని తీసుకెళ్ళలేదు. శ్రీకాకుళం వైపు నుంచి ప్లాంటు పనికి వచ్చినవాళ్ళు కలిసి పెట్టుకున్న బడి అది. ఇప్పుడు పన్నెండు దాకా ఉంది.

రెండేళ్ళ క్రితం మా చెల్లెలి కూతురు అక్కడే పన్నెండు చదువుతోంది. వాళ్ళ నాన్న నందిని అనే ఊరి దగ్గర సున్నపురాయి గనిలో డంపర్ నడుపుతాడు. ఆయన జేబులో తెచ్చిన రాళ్ళతో ఆడుకుని పెరిగిన పిల్ల, చదివితే భూగర్భశాస్త్రమే చదువుతానని పట్టుబట్టింది. దూరపు ఊళ్ళో ఒక యూనివర్సిటీ పెట్టిన పరీక్ష రాసి, మొదటి వడపోత దాటింది. తర్వాత ఒక ఫారం వచ్చింది. విద్యార్థి చదివిన స్కూలు గురించి ప్రిన్సిపాల్ ఒక పేజీ రాసి సంతకం చేసి పంపాలట. ఇంటర్వ్యూకి ఎవరిని పిలవాలో అది కూడా చూసే నిర్ణయిస్తారట.

మా బడి గురించి అంతవరకూ ఎవరూ పేజీ అడగలేదు.

“మావయ్యా, కోచింగ్‌లో నా ఫ్రెండ్ వాళ్ళ స్కూల్ పేజీ చూశాను. కలర్‌లో ఉంది. మనదానికి ఏటి రాస్తారు? ప్రిన్సిపాల్ మేడం నిన్నే రాయమన్నారు” అంది పిల్ల.

గంటలో రాసిచ్చాను. సువిశాలమైన ప్రాంగణం, ఆధునిక ప్రయోగశాల, దేశమంతటా ఉన్నత స్థానాల్లో పూర్వ విద్యార్థులు. ఇన్నేళ్ళు ఇతరుల ప్రెస్‌నోట్లలో కలంతో కొట్టేసిన మాటలన్నీ అందులో చేరాయి. మర్నాడు ఇద్దరం బడికి వెళ్ళాం. ప్రిన్సిపాల్ అదే బడిలో నాకంటే రెండు తరగతులు పైన చదివిన మనిషి. ఇద్దరికీ జుట్టు నెరిసినా నన్ను ఇంకా ఒరే అనే పిలుస్తుంది. కళ్ళజోడు పెట్టుకుని కాగితం చివరిదాకా చదివింది.

“ఇదేటిరా, మన బడేనా? శుభలేఖలాగుంది.”

“కొంచెం పెంచి రాయాలక్కా. అందరూ రాసేదే.”

“ప్రయోగశాల ఎక్కడుంది? నాను సూడలేదు గావాల.”

“స్టాఫ్ రూములో అల్మారా ఉంది కదా.”

“రేపు ఆళ్ళు వీడియో కాల్ సేసి, సూపించండి మేడం అంటే? అల్మారా తలుపు తీసి సూపించమంటావా?”

పిల్ల ముఖం ఏడుపుకొచ్చింది. “మేడం, ప్లీజ్, సైన్ చెయ్యండి. శనివారం లాస్ట్ డేట్. సచ్, ఉన్న నిజం రాస్తే నన్ను ఎవరు పిలుస్తారు?”

ఆ భయం ప్రిన్సిపాల్‌కి తెలియనిది కాదు. అంతకుముందు ఒకరిద్దరు పిల్లలు మంచి మార్కులతో కాలేజీలకు వెళ్ళి, బడి పేరు చెప్పగానే ఎదుటివాళ్ళ ముఖం మారడం చూసి వచ్చారు. ఆవిడ కలం తీసింది గానీ సంతకం పెట్టలేదు.

“శనివారం ఆకరి పీరియడ్ సంగతి రాసినావా?” అని నన్ను అడిగింది.

రాయలేదు. అది దాచుకోవాల్సిన సంగతనుకున్నాను. మా బడిలో మాస్టర్లు ఎప్పుడూ తక్కువే. అందుకని శనివారం చివరి పీరియడ్‌లో పై తరగతి పిల్లలు ఆరో తరగతికి పాఠం చెప్పాలి. నా రోజుల్లోనూ అంతే. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు. మూడింటిలో ఏదో ఒకదానిలో పిల్లలకి అర్థమయ్యేదాకా చెప్పాలి. అర్థం కాకపోతే ఆరో తరగతివాళ్ళు మొహమాటపడరు. ఇన్‌స్పెక్షన్ వచ్చిన రోజు దాన్ని ఆటల పీరియడ్ అని చెప్పేవాళ్ళం.

“మాస్టర్లు లేరని మనమే చాటుకున్నట్టు కదక్కా.”

“లేరు గదా. లేరని రాయి. మాస్టర్లు లేక ఏటి సేస్తన్నామో గూడా రాయి.”

మళ్ళీ మొదలుపెట్టాం. భౌతికానికీ రసాయనానికీ ఒకే మాస్టరు. ప్రయోగాల సామాను ఒక అల్మారా. శనివారం పాఠాల గురించి సగం పేజీ. పూర్వ విద్యార్థులను ఆవిడ తడుముకోకుండా చెప్పింది. నర్సులు, రైలు డ్రైవర్లు, ప్లాంటులో క్రేన్ ఆపరేటర్లు, ఇదే బడిలో ఇద్దరు టీచర్లు.

“నిన్నూ వెయ్యమంటావేటి, పేపరోడని?”

“వద్దక్కా.”

“అదీ నిజమేలే, బడి పరువు పోద్ది.”

పిల్ల ఆ రోజు నవ్వింది అప్పుడే. సంతకం పెట్టించుకుని గడువులోపే పంపేశాం.

పదిరోజుల తర్వాత ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. మా ముందుగదిలో కంప్యూటర్ ముందు పిల్ల కూర్చుంది. నేను వంటగదిలో చిక్కుడుకాయలు ఒలుస్తూ చెవులు అటు పడేశాను. ఆరో తరగతికి ఏం చెప్పావని అవతల ఒకావిడ అడిగింది. సున్నపురాయి పొడి మీద నిమ్మరసం పిండి బుడగలు చూపించానని పిల్ల చెప్పింది. “దీదీ, ఇనుము చేసేచోట రాయి ఎందుకేస్తారు?” అని ఒక పిల్లాడు అడిగాడట. తెలియదని వాడితోనే చెప్పి, ఇంటికొచ్చి తన నాన్నను అడిగితే, ఆయన వెళ్ళి ఫోర్‌మన్‌ని అడిగి వచ్చాడట. ఖనిజంలోని మలినాన్ని ఆ రాయి కరిగి పట్టుకుపోతుందని పై శనివారం చెప్పిందట. మధ్యలో ఆ వారం రోజులూ ఏమనిపించిందని ఆవిడ అడిగింది. సిగ్గేసిందండీ అంది మా పిల్ల. అవతల నవ్వులు వినిపించాయి.

సీటు వచ్చింది, ఒక షరతుతో. స్కూల్లో ప్రయోగాలు చేయలేదు కాబట్టి మొదటి ఆరు నెలలూ రోజూ పొద్దున్నే విడిగా ల్యాబ్ క్లాసుకు రావాలి. ఒప్పుకుంటే రెండు రోజుల్లో చెప్పాలి. మొదటి రోజంతా పిల్ల ఆ మెయిల్ తెరుస్తూ మూస్తూ గడిపింది. రెండో రోజు నన్ను లాక్కుని బడికి వెళ్ళింది.

“మేడం, ఫస్ట్ డే నుంచే అందరికీ తెలిసిపోద్ది. వాళ్ళందరూ పదింటికి వస్తారు, నేను ఎనిమిదికే వెళ్ళాలి.”

“ఎల్లు. లేదని రాసినాం గాబట్టే నేర్పుతామన్నారు. ఉందని రాసుంటే, ఆ గాజు సామాను ముందర నిలబడి ఎవుల్ని అడుగుదువు?”

“ఎనిమిదికి వెళ్తే మెస్‌లో నాస్తా దొరుకుతుందా?” అంది పిల్ల.

“అది నాకేటి తెలుసు? ఎల్లి సూసుకో.”

నా ఫోను తీసుకుని, ఒప్పుకుంటున్నాను అనే బటన్ నొక్కింది. నెట్ సరిగా అందక మూడుసార్లు నొక్కాల్సి వచ్చింది.