గాజు బిరడా మీద పౌడరు

మా మేనత్త కిందటి నెల కౌలాలంపూర్‌లో కన్నుమూసింది. ఆవిడ నగలపెట్టె నాకు దక్కిందని మన తెలుగు సంఘంలో చెప్పుకుంటున్నారు. అది నిజం కాదు. నాకు దక్కింది ఒక అత్తరు సీసా గాజు బిరడా. అదీ నేను అడిగి తీసుకున్నదే.

సింగపూరు సినిమాల్లో నాట్యమాడిన అందగత్తెగా ఆవిడను మీరెరుగుదురు. తొంభై దాటాక కూడా కాటుక పెట్టుకోకుండా తలుపు తీసేది కాదు. "ముసలిదాన్నయినానని మొగం కడగడం మానేత్తానేటి?" అనేది.

సినిమాలకు ముందు, యుద్ధంలో జపానువాళ్లు ఈ దేశాన్ని ఆక్రమించిన కాలంలో, ఆవిడ సుంగై సుమున్ దగ్గరి రబ్బరు తోటలో చిక్కుకుపోయిన నాటకాల పిల్ల. మా నాన్నతో సహా మగవాళ్లను జపాను సైనికులు రైలుమార్గం వేసే వెట్టిపనికి పట్టుకుపోయారు. తల్లి లేని పసికందులకు చెంచాతో మేకపాలు పోస్తే పొలమారి ఉక్కిరిబిక్కిరయ్యేవారు. పాలపీకలు ఎక్కడా దొరకలేదు. ఆవిడ తన అత్తరు సీసా బిరడాను రబ్బరుపాలలో ముంచి, తలకిందులుగా తిప్పి, పొగలో ఆరబెట్టింది. ఒలవబోయిన ప్రతిసారీ ఆ పొర ముడుచుకుని తనకు తానే అతుక్కుపోయింది. చివరికి దానిమీద తన ముఖానికి పూసుకునే పౌడరు చల్లింది. చక్కగా ఊడివచ్చింది. కాల్చిన సూదితో కొనకు రంధ్రం పొడిచింది.

"పదకొండోసారికి ఒచ్చినాదే! ఏసం ఏసుకుందారంటే డబ్బాలో పిసరు పౌడరు మిగల్లేదు," అని నవ్వేది.

ఆ పీకలతో బతికినవాళ్లలో నేనొకదాన్ని. నన్ను కన్న పదో రోజున మా అమ్మ పోయింది.

ఇరవై ఏళ్ల కిందట సంఘం ప్రత్యేక సంచికకు ఆవిడ గురించి వ్యాసం రాసింది నేనే. ఈ సంగతి రాసి, అచ్చుకు వెళ్లేముందు కొట్టేశాను. సినీతారకు రబ్బరు వాసన నప్పదని సంపాదకుడికి చెప్పాను. అసలు కారణం అది కాదు. కళాశాల చదువు చదివి, ఎవరి సాయమూ లేకుండా నిలబడ్డానని చెప్పుకునే నాకు, ఒకరు చేసిపెట్టిన పీకతో బతికానని అచ్చులో చూసుకోవడం ఇష్టం లేకపోయింది.

సంచిక తీసుకెళ్లి ఇస్తే ఆవిడ భూతద్దం పెట్టి చివరిదాకా చూసింది.

"పొటోలో నగలు బాగా పడినాయే. పీక సంగతేదే?"

"సోటు సాల్లేదత్తా."

"సదూకున్నోల్లు కదా, మీకు సోటెప్పుడూ సాలదులే," అంటూ నాకు కాఫీ కలపడానికి లేచింది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

వచ్చే ఆదివారం సంస్మరణ సభలో నగలతో ఉన్న ఆవిడ చిత్రపటాన్ని ఆవిష్కరిస్తారట. సినిమాల గురించి మాత్రమే మాట్లాడమని నన్ను కోరారు. ఎవరి అనుమతీ అడగలేదు. కొట్టేసిన పేరాను నా చేతిరాతతో తిరిగి రాసి, కింద నా పేరు పెట్టాను. సభలో చదివేది అదే. కాగితం ఎగిరిపోకుండా పైన బిరడా పెట్టాను. దాని మెడ గాడిలో ఇప్పటికీ సన్నని తెల్లటి పొడి.