మూస చల్లారేదాకా

నా చిన్నప్పుడు మంచిర్యాల దగ్గరి బొగ్గుగనుల కాలనీలో, మా వరుస చివరింట్లో ఒక అక్క ఒంటరిగా ఉండేది. బొగ్గును పరీక్షించే ల్యాబులో ఉద్యోగం. అక్కడ అంతమంది మగవాళ్ల మధ్య ఆమె ఒక్కతే ఆడది. వాళ్లు చాయ్‌కి ఆమెను పిలిచేవాళ్లు కాదు. కాలనీ ఆడవాళ్లు పేరంటానికీ పిలిచేవాళ్లు కాదు. బడి వదలగానే ల్యాబుకు వెళ్లి ఆమె పక్కన స్టూలెక్కి కూర్చునేది నేనొక్కదాన్నే.

అక్క చిటికెడు బొగ్గుపొడిని మూసలో, అంటే చిన్న పింగాణీ గిన్నెలో, పోసి కొలిమిలో కాల్చేది. మిగిలిన బూడిదను అద్దాలపెట్టెలోని త్రాసులో తూచేది. బూడిద ఎక్కువుంటే బొగ్గు నాసిరకమని అర్థం.

ఒక ఏడు సద్దుల బతుకమ్మనాడు మేం అవ్వ అని పిలిచే మా అమ్మ మనసు మెత్తబడింది. "పాపం, పండుగపూట ఒక్కతే ఉంటది. తోలుకరాపో" అంది. నేను ల్యాబుకు ఎగురుకుంటూ పోయాను. పండుగైనా అక్కకు సెలవు దొరకలేదు. నా మాట వినగానే ఆమె ముఖం వెలిగిపోయింది. "గీ ఒక్క మూస చల్లారనీ, వస్త" అని తల దువ్వుకోవడానికి పక్కగదిలోకి వెళ్లింది.

బయట పాటలు మొదలయ్యాయి. నేను ఆగలేకపోయాను. పటకారుతో మూసను త్రాసులో పెట్టి, చల్లారిందని అబద్ధమాడాను. అక్క తూచబోతే ముల్లు నిలవలేదు. మూసను తాకి చూసి, గతుక్కుమంది.

"వేడి మీద తూస్తే తక్కువ చూపిస్తది బిడ్డా. నువ్వు కదిపినప్పుడు బూడిద గూడ జరంత రాలి ఉంటది. మళ్ల మొదటి నుంచి చెయ్యాలె."

"జరంత తేడా గదక్కా, ఎవలకు తెలుస్తది?" అని ఏడ్చాను.

"మొగాయన తప్పు తూస్తే గాయన తప్పంటరు. నేను తూస్తే ఆడోళ్లకు గీ పని రాదంటరు. రేపు నువ్వు గీ పనికొస్తే తలుపు తియ్యరు" అంది. నన్ను తిట్టలేదు. కొత్తగా చిటికెడు పొడి తీసి, కొలిమి వైపు తిరిగి కొంగుతో కళ్లొత్తుకుంది.

పని ముగించి మేం వచ్చేసరికి ఆడవాళ్లంతా బతుకమ్మలను నీళ్లలో వదలడానికి గోదారికి వెళ్లిపోయారు. ఆడిన చోట తంగేడు పూలు రాలి ఉన్నాయి. అక్క కాసేపు నిలబడి చూసి, ఇంటికెళ్లి తలుపేసుకుంది.

"పిలిస్తే రాలే. ఎంత గర్వం!" అంది గోదారి నుంచి తిరిగొచ్చిన అవ్వ. తప్పు నాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆమెను మళ్లీ ఎవరూ పిలవలేదు. మరుసటి బతుకమ్మ రాకముందే ఆమెకు బదిలీ అయింది.

పెద్దయ్యాక నేనూ ఆ పనిలోనే చేరాను. మూస చల్లారేదాకా ఆగడం నాకెప్పుడూ కష్టమనిపించలేదు. అవ్వతో నిజం చెప్పడానికి మాత్రం ముప్పై ఏళ్లు పట్టింది. "గా బిడ్డ ఇప్పుడు యాడున్నదో" అంది అవ్వ. నాకు తెలియదు.

రిటైరై చాలా కాలమైంది. అయినా సద్దులనాడు ల్యాబులో ఏ ఆడపిల్ల పనిలో ఉన్నా, తోలుకురావడానికి నేనే వెళ్తాను. లోపలికి వెళ్లను. ఆమె పని అయ్యేదాకా బయట మెట్టు మీద కూర్చుంటాను.