ఎనిమిది, పదిహేను, పదిహేడు

కోవిల్‌పట్టిలో నేను లెక్కలు చెప్పే బడిలో కంప్యూటర్లు పన్నెండు, పనిచేసేవి ఏడు. పదో తరగతి పిల్లలకు లంబకోణ త్రిభుజాన్ని సంఖ్యల వరుసగా చూపించి, ఆ వరుసను వాళ్ళచేతే చిన్న ప్రోగ్రాముగా రాయించాలనుకున్నాను. బేసి సంఖ్య ఒకటి తీసుకోండి, దాని వర్గాన్ని పక్కపక్క సంఖ్యలుగా రెండు ముక్కలు చేయండి అన్నాను. మూడు వర్గం తొమ్మిది: నాలుగు, ఐదు. ఐదు వర్గం ఇరవై ఐదు: పన్నెండు, పదమూడు. ఆ మూడేసి కొలతలతో గీస్తే ఒక మూల లంబకోణమై తీరుతుంది. ఇది నాకు ఒక శిక్షణలో ఎవరో చెప్పినది. నేనే కనిపెట్టినట్టు చెప్పాను.

పిల్లలు రాసింది చూడటానికి ఒకరోజు హెడ్మాస్టరు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. అందరి తెరల మీదా నా వరుసే ఉంది. ఒక్క అమ్మాయి తెర మీద వేరేది ఉంది. ఆమె తల్లి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పెట్టెలు కట్టే పని చేస్తుంది. ఈ పిల్ల నా సూత్రం వదిలేసి, ఇరవై లోపు సంఖ్యలన్నిటినీ కంప్యూటరుచేత పరీక్ష చేయించింది. రెండిటి వర్గాలు కలిపితే మూడోదాని వర్గం రావాలి, అంతే. జవాబుల్లో ఎనిమిది, పదిహేను, పదిహేడు ఉన్నాయి.

"ఎనిమిది వర్గం అరవై నాలుగు. అది పక్కపక్క సంఖ్యలుగా విడిపోదు. తప్పు," అన్నాను తమిళంలో. బడిలో అందరం తమిళమే.

"సార్, ఎనిమిదికి మన బస్సులో సీటు లేదు, దించేయండి!" అన్నాడొకడు. తరగతంతా నవ్వింది. హెడ్మాస్టరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ అమ్మాయి మార్కుల పుస్తకంలో "ప్రోగ్రాము తప్పు" అని రాశాను.

సాయంత్రం విరుదునగర్ బస్సులో టికెట్టు వెనక ఆ లెక్క వేసి చూశాను. అరవై నాలుగు, రెండు వందల ఇరవై ఐదు. మొత్తం రెండు వందల ఎనభై తొమ్మిది. పదిహేడు పదిహేడులు అంతే. సాత్తూరు రాకముందే నా తప్పు నాకు తెలిసిపోయింది. మర్నాడు చెప్పవచ్చు. చెప్పలేదు. తర్వాతి వారం చెబుదామనుకున్నాను. తర్వాత పరీక్షలు వచ్చాయి.

ఫలితాలయ్యాక, పదకొండులో ఏ గ్రూపు ఇప్పించాలో అడగడానికి ఆ అమ్మాయి తల్లి వచ్చింది. వరండాలో తోటి మాస్టర్లున్నారు. ఆమె నేరుగా తెలుగులో మొదలుపెట్టింది.

"సారూ, మీరూ ఇంట్లో మన మాటే గదా. బస్టాండులో ఫోను మాట్లాడతా ఉంటే ఇన్నాను. ఈ పిల్లకి కణక్కు, అదే లెక్క, వస్తాదా, రాదా? కంప్యూటర్ గ్రూపే కావాలని ఒకటే మొండి. మీరేమో అందరి ముందరా తప్పంటిరంట. మాకేం తెలుస్తాది సారూ, మీరెట్లంటే అట్ల."

నా ఇంటి భాష ఆ బడిలో ఎవరికీ తెలియదు. నేనే తెలియనివ్వలేదు. కానీ నన్ను ఆపింది అదొక్కటే కాదు. వస్తుంది అని చెబితే, ఆ రోజు లెక్క సరైనదేనని కూడా చెప్పాలి. "కష్టమమ్మా, మీ ఇష్టం," అన్నాను తమిళంలో. ఆ భాషలో అంటే ఆ మాట నాది కానట్టే అనిపించింది. ఆమె ముఖం మారింది. తానేదో చనువు తీసుకుందనుకుని, వెంటనే తమిళంలోకి మారి, "మన్నించండి సార్," అని చేతులు జోడించింది.

పిల్లను కుట్టుపని గ్రూపులో చేర్పించారు. పది రోజుల తర్వాత హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళి, ఆమెను కంప్యూటర్ గ్రూపులోకి మార్చమని అడిగాను. సీట్లన్నీ నిండిపోయాయి, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు అన్నారు. అది నన్ను నేను అడగవలసిన ప్రశ్న.

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మంలో ఆ అమ్మాయి టేపు పట్టుకుని గుడ్డ కొలుస్తోంది. తెలుగులోనే చెప్పాను: "నీ లెక్క సరైనదేనమ్మా. తప్పు నాది."

ఆమె తల ఎత్తలేదు. "తెలుసు సార్. ఆ రోజే కాయితం మీద ఏసి చూసినా."

"మరి అడగలేదే?"

"మీరే చెప్తారని చూసినా. మరుసటి రోజు చూసినా, ఆ మరుసటి రోజు గూడా చూసినా." గుడ్డ మీద సుద్దగీత గీసింది. "అమ్మకి మాత్రం చెప్పబాకండి సార్. నన్ను చేర్చింది తనే గదా. ఇప్పుడు చెప్తే ఏడుస్తాది."

క్షమాపణ ఆమెతో అయిపోలేదు. తల్లితో మొదలుపెట్టే దారి కూడా లేకుండా పోయింది.

లోపలినుంచి తల్లి కేకేసింది. "ఎవురే అది? సారా? అయ్యో, బయటే నిలబెట్టినావా! కాపీ పెడతా, ఉండమను."

అమ్మాయి నా వైపు చూసింది. లోపలికి వెళ్ళి కూర్చున్నాను. కుట్టుపని నేర్చుకుంటే బతుకు గడిచిపోతుందని మీరు సరిగ్గా చెప్పారు సారూ, అంటూ తల్లి గ్లాసు నా చేతికిచ్చింది. నేను అలా చెప్పనే లేదు. కాదనకుండా కాపీ తాగాను.