సార్ రాసే ‘గుడ్’

యూనివర్సిటీ హాస్టల్లో రెండేళ్లు నా గదిలో ఉన్న స్నేహితురాలు నిన్న పొద్దున పోయింది. మధ్యాహ్నానికల్లా ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు నన్నూ చేర్చుకున్న వాట్సాప్ గ్రూపులో పదకొండు ఇంగ్లిషు విశేషణాలు చేరాయి, అందులో అమేజింగ్ ఒక్కటే నాలుగుసార్లు. తార్నాకలో నా వంటింట్లో నిలబడి అవి చదువుతుంటే, పొగడ్త మాటను కొలిచి వాడాలని మాకు నేర్పిన సార్ గుర్తుకొచ్చారు.

ఆయన ఎక్సలెంట్ అని ఎవరికీ రాయలేదు. వ్యాసం బాగుంటే మార్జిన్‌లో ఫెయిర్, ఎంతో బాగుంటే గుడ్. ఆ గుడ్ మా క్లాసులో ఆమె ఒక్కతెకే దక్కింది; ఆ రోజు మెస్‌లో మేమందరం మా మా అరటిపండ్లు తీసి ఆమె పళ్లెం పక్కన పెట్టాం.

వేరే ఊళ్లో పరిశోధన సీటుకు ఆమె దరఖాస్తు పెట్టింది. స్కాలర్‌షిప్‌తో ఆ సీటు వస్తేనే చదువు, లేకుంటే లేదు. సార్ సిఫారసు రాసి మాకు చదివి వినిపించారు: గుడ్ స్టూడెంట్ అని, ఒకటే వాక్యం. మేము పొంగిపోయాం. ఆ కొలత అక్కడివాళ్లకేం తెలుసు? దరఖాస్తు పెట్టిన మిగతా పిల్లలందరూ వాళ్ల సార్ల సిఫారసుల్లో బ్రిలియంట్‌లు, అవుట్‌స్టాండింగ్‌లు. సొంత సార్‌కే ఈ పిల్ల మీద నమ్మకం లేనట్టుందనుకుని సీటు ఇవ్వలేదట. ఆ సంగతి విన్నాక కూడా సార్ తన పద్ధతి మార్చుకోలేదు. ఆమె అంబర్‌పేట్‌లో ఒక ట్యుటోరియల్లో, పరీక్ష తప్పిన పిల్లలకు ఇంగ్లిషు చెబుతూ, చాక్‌పీసు దుమ్ముకు దగ్గుతూ బతుకంతా గడిపింది.

సార్ పోయినప్పుడు డిపార్ట్‌మెంటులో సంతాప తీర్మానం రాసే పని నా మీద పడింది. ఎమినెంట్ అని ఒకరు, ఇలస్ట్రియస్ అని ఇంకొకరు చెబుతుంటే, సంతాప సభకని వచ్చి వెనక బెంచీలో కూర్చున్న ఆమె మెల్లగా అన్నది:

“గుడ్ టీచర్ అని రాయవే. సార్ లెక్కల గంతకంటె పెద్దది లేదు గద.”

నేను అలాగే రాశాను. అది గౌరవమో కసో, తార్నాక బస్టాపు దాకా కలిసి నడిచినా నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

నిన్న సాయంత్రం ఆ గ్రూపులో నేను గుడ్ ఫ్రెండ్ అని మాత్రం రాశాను. కాసేపటికి ఆమె పాత విద్యార్థిని ఒకతె నాకు విడిగా మెసేజ్ పెట్టింది, మా టీచర్ మీద మీకు కోపముండెనా మేడమ్ అని. జవాబు రాయబోయి ఆగిపోయాను. చెప్పాలంటే ఆ అరటిపండ్ల దగ్గర మొదలుపెట్టాలి. అంత పొడుగు మాట చదివే ఓపిక ఆ పిల్లకు ఉంటుందో లేదో.