మహాలయంలో పుట్టినరోజు

ప్రొద్దుటూరులో మా పక్కింట్లో ఈ రోజు తద్దినం. నువ్వులు కలిపిన అన్నం వాసన కిటికీలోంచి రాగానే, ఈ వయసులోనూ నా అరచేతులు చెమర్చాయి. మూఢనమ్మకాల మీద నిప్పులు చెరిగే వ్యాసాలు రాసేవాడికి ఇదేం జబ్బని మీరు నవ్వవచ్చు. ఆ నవ్వుకు నేను తగినవాణ్ణే.

1953 అక్టోబరు ఒకటి, ఆంధ్ర రాష్ట్రం పుట్టిన రోజు; పెద్దలకు పిండాలు పెట్టే మహాలయ పక్షం నడుస్తోంది. జమ్మలమడుగుకు పెన్న అవతల ఒక పల్లె బడిలో నేను కొత్త పంతులును; నరసింహయ్యగారు హెడ్‌మాస్టరు. ఏ రోజు ఏం జరిగిందో ఆ రోజు బోర్డు మూలన రాయడం ఆయన అలవాటు: లోకం సంగతి ఒక వరుస, పల్లె సంగతి ఒక వరుస. ఆ పొద్దున మొదటి వరుసలో కొత్త రాష్ట్రం ఎక్కింది. రెండో వరుస ఇంకా ఖాళీ.

జెండా ఎగరేస్తుండగా కబురొచ్చింది. నా భార్య సుబ్బలక్ష్మికి కాన్పు కష్టమైంది, బిడ్డ అడ్డం తిరిగింది, మంత్రసాని చేతులెత్తేసింది. ఆసుపత్రి ఏరు దాటితేనే. ఇంటికి పరుగెత్తేసరికి మా అమ్మ గడపకు అడ్డంగా కూర్చుని ఉంది.

"పెద్దల దినాల్లో బండి కదిల్తే మనిషి తిరిగి రాదు నాయనా. అమాస పోనీ."

వారం కిందట సభలో రాహుకాలాన్ని ఎగతాళి చేసినవాణ్ణి, గడప ఇవతలే ఆగిపోయాను. ఆమె మాట నిజమైతే? లోపల సుబ్బలక్ష్మి నన్ను పేరు పెట్టి అరిచింది. అంతవరకూ ఎన్నడూ నా పేరు పలకని మనిషి.

నరసింహయ్యగారు సుద్దపొడి చేతులతోనే వచ్చారు.

"ఏమప్పా, రాయి మాదిరి నిలబడుకోని ఉండావు? ఎద్దుల్ని కట్టు."

"నాకు భయమైతాంది సార్."

"నాకు లేదనుకుంటివా? నా మొదటి పెండ్లామును ఇట్లనే మంచిరోజు కోసరం పెట్టుకోని కూచుంటి. మంచిరోజు వచ్చె. ఆయమ్మ లేకపాయె." మా అమ్మ వైపు తిరిగారు. "అక్కా, ఈ పొద్దు రాష్ట్రమే పుట్టింది. నీ మనవబిడ్డకేం అడ్డం?"

"రాష్ట్రానికేం సామీ! దానికి తల్లి సచ్చేదుందా?"

ఆయన వంగి ఆమె కాళ్లు పట్టుకున్నారు. బ్రాహ్మడు కాళ్లు తాకితే మహాపాపమని బెదిరి, ఆమె గడప వదిలి వెనక్కి దూకింది. వాదం చెయ్యలేని పని పాపభయం చేసింది. అది తలచుకుంటే నాకిప్పటికీ సిగ్గు.

ఏట్లో నీళ్లు బండి ఇరుసును తాకుతున్నాయి. ఎద్దుల ముక్కుతాడు పట్టుకుని ఆయన ముందు నడిచారు. ఒడ్డు చేరేదాకా తాడు వదల్లేదు.

మూడో నాడు బడికి వెళితే బోర్డు మూలన ఒకటో తేదీ వరుసను ఎవరూ చెరపలేదు. నరసింహయ్యగారు సుద్దముక్క నా చేతికిచ్చారు. "ఆడబిడ్డ పుట్టింది" అని రాశాను. ఆయన సుద్ద తీసుకుని, పక్కన మెల్లగా రాశారు: "తల్లి క్షేమం."

ఏటా ఆ తేదీన నా డైరీలో రాష్ట్రం సంగతి రాయను. చెమర్చిన చేత్తోనే ఆయన రాసిన ఆ రెండు మాటలు రాస్తాను.