బాలింత కట్ట

మొన్న యెల్లారెడ్డిలో బస్సు దిగి ఒక సందులోకి తిరిగేసరికి, ఎవరి ఇంటి ముందో తడి గోనెసంచిలో చుట్టిపెట్టిన తునికాకు వాసన తగిలింది. పచ్చికట్టె వాసన, వానకు తడిసిన మట్టి వాసన కలిసి, వెనకాల సన్నగా పులుపు. ఆ వాసన వస్తే మా వైపు ఎవరికైనా బీడీలు గుర్తుకొస్తాయి. నాకు మాత్రం దెబ్బలు గుర్తుకొస్తాయి, కొట్టినవాళ్లూ తిన్నవాళ్లూ అందరూ నావాళ్లే.

ఎనభైల మొదట్లో మా వాడలో ఆడవాళ్లంతా బీడీలు చుట్టేవాళ్లు. మా ఎదురింటి ఖాజాబీ వాకిట్లో వేసిన రేకుల సాయబాను నీడలో చాటలు ఒళ్లో పెట్టుకుని, రేకు అచ్చు పెట్టి ఆకు కత్తిరిస్తూ, చిటికెడు తంబాకు పోసి చుట్టి దారం కడుతూ, ఊళ్లో వాళ్ల కాపురాలన్నీ అక్కడే విప్పి మళ్లీ అక్కడే కట్టేవాళ్లు. వానాకాలం వస్తే నిప్పుల మీద మక్కకంకులు చిటపటలాడేవి, చలి మొదలైతే గడ్డిలో మాగేసిన సీతాఫలాలు చేతికి మెత్తగా తగిలేవి, బతుకమ్మకు మా ఇంటి నుంచి సత్తుపిండి ఎదురింటికి వెళితే పీర్ల పండుగకు అక్కడి నుంచి మలీద మా ఇంటికి వచ్చేది. నేను తంబాకు దుమ్ముకు తుమ్ముకుంటూ, ఆకు ముక్కలను రూపాయి నోట్లనుకుని ఆడుకుంటూ ఆ చాటల మధ్యే పెరిగాను. వాళ్లలో ఎవరైనా కాన్పయితే, ఆమె లేచి కూర్చునేదాకా మిగతావాళ్లు రోజుకు తలా ఒక కట్ట చుట్టి ఆమె చాటలో వేసేవాళ్లు. దాన్ని బాలింత కట్ట అనేవాళ్లు.

అందరిలోకీ చెయ్యి చురుకు మా నాయినమ్మది. నోరు అంతకంటే చురుకు. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు గానీ, ఆమె మా అమ్మను మెచ్చుకుంటూ ఒక్క మాట అనగా నేను వినలేదు. బాపు మస్కట్‌లో కూలిపనికి పోయాక ఇంట్లో మేం ముగ్గురమే, నాయినమ్మ, అమ్మ, నేను.

మొదట నాయినమ్మ తంబాకు పోయడం మరిచిపోయింది. వట్టి ఆకు చుట్టి, దారం కట్టి, కట్టలు కట్టేది. ఆడవాళ్లు పడిపడి నవ్వారు. తర్వాత ఆమె అమ్మను గుర్తుపట్టడం మానేసింది, దాంతో నవ్వులు ఆగిపోయాయి.

"ఇదెవతే? మా ఇంట్ల జొచ్చి నా కోడల్ని ఏం జేసినవే?" అంటూ చేతికి ఏది దొరికితే దాంతో కొట్టేది. పీట, చెంబు, చీపురు, ఏదైనా సరే. ఒకరోజు రేకు అచ్చు విసిరితే అమ్మ కనుబొమ్మ చీలి, నెత్తురు కంట్లోకి కారింది. అన్నం పెట్టబోతే కరిచేది. స్నానం చేయించబోతే గోళ్లతో చీరేది. అమ్మ చేతుల మీద పాత గీతలు మానకముందే కొత్తవి పడేవి. బాపుకు రాసే ఉత్తరంలో మాత్రం "ఇక్కడంతా మంచిగనే ఉన్నది" అని అమ్మ చెబుతుంటే నేనే రాసేదాన్ని.

గాలి సోకిందని తేల్చింది ఖాజాబీయే. మద్నూరు అవతల గాలి దించేవాడు ఒకడున్నాడని, అందరూ కలిసి నాయినమ్మను తీసుకువెళ్లారు. అమ్మ నన్నూ వెంట తీసుకుపోయింది. వాడు ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేసి ఆ పొగలో నాయినమ్మ తలవంచి పట్టుకోమన్నాడు. తర్వాత చింతబరికె తీశాడు. సాయబాను కింద బీడీలు చుట్టే గంగవ్వ ఒక చెయ్యి, ఖాజాబీ ఒక చెయ్యి, అమ్మ రెండు కాళ్లు పట్టుకున్నారు. నాలుగో దెబ్బకో ఐదో దెబ్బకో నాయినమ్మ తలెత్తి, నెలల తరబడి నోట రాని అమ్మ పేరు పట్టి పిలిచింది.

"నర్సీ! నన్ను సంపుతున్నరే. ఇంటికి తీస్కపో బిడ్డా!"

అమ్మ చేతులు సడలాయి. "గది దయ్యం మాట. పేరు వెట్టి పిలుస్తది, ఇడువకుండ్రి" అని వాడు అరిచాడు. అమ్మ మళ్లీ గట్టిగా పట్టుకుంది. ఆ తర్వాత ఎన్ని దెబ్బలు పడ్డాయో నాకు తెలియదు, నేను కళ్లు మూసుకున్నాను. నాయినమ్మ మళ్లీ ఎన్నడూ అమ్మను ఆ పేరుతో పిలవలేదు.

ఇంటికి వచ్చాక నాయినమ్మకు మరింత ముదిరింది, అమ్మలో కూడా ఏదో విరిగిపోయింది. ఆ ఇంట్లో ఇద్దరిలో ఒకరు రెండోవాళ్ల చేతిలో చస్తారని పదేళ్ల నాకు స్పష్టంగా తెలుసు. ఒక పగటిపూట నాయినమ్మ కుతకుత ఉడుకుతున్న జొన్నగట్కను కుండతో సహా అమ్మ పాదాల మీదకు తోసింది. అమ్మ పొయ్యి పక్కనున్న కట్టె తీసుకుని కొట్టడం మొదలుపెట్టింది. వీపు మీద, భుజాల మీద, అడ్డం వచ్చిన చేతుల మీద కొడుతూనే ఉంది. బొబ్బలెక్కిన కాళ్లతో నిలబడి, పళ్లు బిగించి, చాకిరేవులో బట్ట ఉతికినట్టు కొట్టింది. నాయినమ్మ నోట్లోంచి నెత్తురు వచ్చింది. నేను చెప్పుల్లేకుండా ఎదురింటికి పరుగెత్తాను.

"ఏందే, గిట్ల ఉరుకొస్తున్నవ్?" అంది ఖాజాబీ.

"అమ్మ నాయినమ్మను సంపుతున్నది!"

ఖాజాబీ చాట కింద పెట్టలేదు, అలాగే లేచింది. ఆకూ తంబాకూ సాయబానంతా చిందాయి. వెనకాలే గంగవ్వ, మిగతావాళ్లు. ఖాజాబీ వచ్చి అమ్మ చేతిలోని కట్టె లాక్కుంది. ఇక అమ్మకు పడతాయనుకున్నాను. అమ్మ కూడా అదే అనుకుంది, వీపు తిప్పి నిలబడింది.

"కొట్టు అక్కా. నన్ను గూడ కొట్టు."

"నిన్ను కొడితే ఏమొస్తది? ముసల్దాన్ని పట్కపోయి కొట్టించింది నేనే గదా. ముందు నన్ను కొట్టుకోవాలె." ఖాజాబీ కట్టెను పొయ్యిలోకి తోసి, నాయినమ్మ పక్కన నేలమీద కూలబడి, కొంగుతో ఆమె మూతి తుడిచింది. అప్పుడు కూడా నాయినమ్మ ఆమె మొహం మీద ఉమ్మింది. ఖాజాబీ అది కూడా తుడుచుకుని అమ్మ వైపు చూసింది. "ఇది పసిపిల్ల అయిపోయింది నర్సవ్వా. పసిపిల్లను సాకేదాన్ని ఏమంటరు? నువ్వు బాలింతవు. రేపటి సంది మా చాటలన్ని నీ వాకిట్లకే వస్తయ్."

గంగవ్వ ఏడుస్తూనే, "పండ్లున్న పిల్లను కన్నవ్ పో. పాలియ్యకు, కరుస్తది" అంది. అమ్మ నవ్వబోయి గోడకు జారగిలబడి ఏడ్చింది. అంత ఏడుపు నేను మళ్లీ చూడలేదు.

మరునాటి నుంచి వంతులు మొదలయ్యాయి. ఎవరి వంతు వస్తే వాళ్లు ఆ రోజు బీడీలు ముట్టకుండా నాయినమ్మను చూసేవాళ్లు. మిగతావాళ్లు తలా ఒక కట్ట ఆ వంతు మనిషి చాటలో వేసేవాళ్లు, అమ్మ చాటలో సరేసరి. చెయ్యి లేచేలా ఉందనిపిస్తే సిగ్గుపడకుండా చెప్పి లేచిపోవాలి, ఇంకొకరు వచ్చి కూర్చోవాలి. అంతకుమించి ఎవరికీ ఏ వైద్యమూ తెలియదు. నాయినమ్మ మారిందనీ మెత్తబడిందనీ నేను చెప్పలేను. ఆమె ఒకసారి గంగవ్వ చెవికమ్మ పట్టి గుంజి చెవి తెంపేసింది. ఖాజాబీ బొటనవేలు ఎముకదాకా కొరికితే పదిరోజులు ఆమె బీడీ చుట్టలేకపోయింది, ఆమె చాటలోనూ బాలింత కట్టలు పడ్డాయి. తిట్లకైతే అంతే లేదు, వాళ్లూ తక్కువ తినలేదు, మాటకు మాట అంటూనే అన్నం తినిపించేవాళ్లు. కానీ నాయినమ్మ ఆ తర్వాత బతికిన ఏడాదిన్నరలో ఆమె మీద మళ్లీ ఒక్క దెబ్బ పడలేదు. ఎండాకాలం ఒక మధ్యాహ్నం, తల దువ్వుతున్న అమ్మ జుట్టు పిడికిట పట్టుకుని ఆమె పోయింది. బిగిసిన వేళ్లను ఖాజాబీ ఒక్కొక్కటిగా విడదీసింది.

ఇప్పుడు ఆ వాడలో చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చునే గుంపు లేదు. సాయబాను పడగొట్టి పైకి రెండంతస్తులు లేపారు. ఖాజాబీ పోయింది, గంగవ్వ సదాశివనగర్‌లో కూతురి దగ్గర ఉందని విన్నాను. నేను కామారెడ్డిలో మూడో అంతస్తులో, అమ్మతో ఉంటున్నాను. అమ్మకూ అదే జబ్బు. డాక్టరు దాన్ని డిమెన్షియా అన్నాడు, మాత్రలు రాశాడు, ఓపికతో ఉండమన్నాడు. ఓపిక ఏ దుకాణంలో దొరుకుతుందో రాయలేదు.

పోయిన నెల, పొద్దున పదకొండు గంటలకు, మూడోసారి మార్చిన చీర కూడా పాడుచేసుకుని అమ్మ నా చెంప మీద కొట్టింది. నేను తిరిగి కొట్టాను. ఒకసారి కాదు. పక్క వాటాలో టీవీ సౌండు పెరిగింది, మెట్ల మీద వెళుతున్న అడుగులు ఒక క్షణం ఆగి మళ్లీ కదిలాయి. ఎవరూ రాలేదు. పరుగెత్తి పోయి చెప్పడానికి నా ఇంట్లో పదేళ్ల పిల్ల లేదు. తలుపు తీసుకుని బయటకు వచ్చాను. ఆరేళ్లుగా ఎదురుగా ఉంటున్నా పేరు కూడా తెలియని ఆమె తలుపు తట్టాను. ఆమె సగం తెరిచి చూసింది.

"మా అమ్మను కొట్టిన" అన్నాను. "జర లోపలికి వస్తరా?"