సాబిరా ఆపా పేరు పెట్టి పంపిన మాట

శంషాబాద్‌లో మా ఇంటి మీదుగా విమానం దిగుతుంటే ఇప్పటికీ నా నోరు దానంతటదే మూతపడుతుంది. చిన్నప్పుడు మాకు ఖురాన్ నేర్పిన సాబిరా ఆపా చేసిన అలవాటు అది. విమానం చప్పుడు పూర్తిగా పోయేదాకా పాఠం ఆపేసేది. "ఆగు బిడ్డా. నువ్వు చదివింది నా చెవిన పడాలె. పడకపోతే చదవనట్టే," అనేది. ఒక్క అక్షరం గొంతులోంచి సరిగా రాకపోతే వారమంతా దాని దగ్గరే కూర్చోబెట్టేది. నాకు ఒళ్లు మండిపోయేది.

పెద్దయ్యాక ఎయిర్‌పోర్టులో ఉద్యోగం, చేతిలో ఫోను. ఆపా దగ్గర ఏడాది పట్టేది అరగంట వీడియోలో వచ్చేస్తోందని మురిసిపోయాను. ఆపా దగ్గర చదివే పిల్లలు కూడా ఒక్కొక్కరే యాప్‌లకు మళ్లారు. అలాంటి రోజుల్లో ఒక సందేశం వచ్చింది. ఫలానా దువా, అదే ప్రార్థన, నలభై రోజులు చదివితే షుగర్ మాత్రలతో పనిలేదట. బస్తీ ఆడవాళ్ల గ్రూపులో పెడుతూ, అందరికీ నమ్మకం కుదరాలని పైన నేనే ఒక ముక్క తగిలించాను: 'మా సాబిరా ఆపా చెప్పింది.'

పక్క వీధి మహబూబ్‌బీ ఖాలా, నాకు పిన్ని వరస, మాత్రలు మానేసింది. తొమ్మిదో రోజు స్పృహ తప్పితే దవాఖానలో చేర్చారు. ఎలాగో బతికి బయటపడింది.

ఆపా పిలిపించింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు.

"గా మాట ఎవరి నోట విన్నవ్?"

"ఫోన్ల వచ్చింది ఆపా."

"ఫోన్‌కు ఎవరు చెప్పిన్రు?"

ఫోను తీసి చూస్తే, నేను తగిలించిన ఆపా పేరు తప్ప అందులో ఇంకే పేరూ లేదు.

"నాకు మా ఉస్తాద్ చెప్పిండు, ఆయనకు ఆయన ఉస్తాద్. నేను చెప్పే ప్రతి మాట ఎనుక గిట్ల పేర్లున్నయ్. తెల్వంది తెల్వదనే చెప్పిన. నువ్వు నా పేరు ఏడ పెట్టినవ్ బిడ్డా? ఇగ పో. ఎవరెవరికి పంపినవో వాళ్ల ఇండ్లకు పోయి, అబద్ధమాడిన అని నీ నోటితోని చెప్పు."

సిగ్గుతో చచ్చిపోతూ ఇల్లిల్లూ తిరిగాను. ఖాలా చేతులు పట్టుకుని ఏడ్చాను. "ఆపా పేరు చూసే మానేసిన బిడ్డా," అంది ఖాలా. అప్పటికే ఆ సందేశం మైలార్‌దేవ్‌పల్లి, బాలాపూర్ చుట్టాలకూ వెళ్లిపోయింది.

ఆపా పోయి రెండేళ్లయింది. ఈ ఉదయం తెలియని నంబరు నుంచి మళ్లీ అదే వచ్చింది. ఆపా పేరు అలాగే ఉంది. వెంటనే ఆ నంబరుకు ఫోన్ చేశాను. ఎవరో ఆవిడ, కందుకూరట. మంచి మాట కదా, అందరికీ పంపుతున్నానంది.

"మా అమ్మకు మొన్నటి సంది మాత్రలు బంద్ పెట్టినం."

"ఆపా గట్ల అనలేదక్కా. ఆమె పేరు నేనే రాసిన. మాత్రలు వెంటనే ఇయ్యి."

"గంత పెద్దామె చెప్పినంక నీ మాట ఎందుకు వినాలె?" అని పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

సెలవు పెట్టేశాను. కందుకూరు బస్సు కోసం నిలబడ్డాను. ఇల్లు తెలియదు, ఆవిడ పేరూ తెలియదు. గడప గడపా అడుగుతాను. ఆపా నా చేత చేయించిన చివరి పాఠం అదే కదా.